విశ్వవిద్యాలయములును క్రీడాకారులును: ఒక చారిత్రక విచారము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, పూర్వపు సంచికలలో వలెనే శాసనములను గూర్చియో, పురాతన గ్రామములను గూర్చియో వ్రాయుదమని మొదట తలంచితిమి. కాని విద్యార్థి సహాయనిధి ఉపసంఘమున మేము కూర్చుండి చూచిన దరఖాస్తు ఒకటి మా మనస్సును వేఱొక దిక్కునకు మరలించినది. ఆ దరఖాస్తు సంగతి చివర విన్నవించెదము. దానిని చూచిన తరువాత మాకు నిద్రపట్టక, ఇంటనున్న పుస్తకములను, మనుమలు తెచ్చియిచ్చిన పుస్తకములను తిరుగవేసి, ఉత్తమశ్రేణి క్రీడాభ్యాసమును విశ్వవిద్యాలయ విద్యను ఒక్కసారిగా మోసినవారు ఎట్లు మోసిరో, మోయలేనివారు ఎచ్చట దించిరో తెలిసికొన యత్నించితిమి. అట్లు తెలిసికొన్నదే యీ వ్యాసము.

మన యిండ్లలో ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు వినబడుచుండును. ఆటలవానికి చదువబ్బదనియు, రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాడు నీటిపాలగుననియు పెద్దలు చెప్పుదురు. మేమును ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుండి ఇదే మాట చెప్పితిమి. వేఱొక పక్షమువారు కాళిదాసును తెచ్చి అడ్డుపెట్టుదురు. కుమారసంభవము అయిదవ సర్గలో శరీరమును గూర్చి యున్న వాక్యమును వ్యాయామశాల గోడలమీద వ్రాయింపని ఊరు లేదు. అయితే ఆ వాక్యమును ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరో ఆ గోడల యజమానులు చదివినట్లు తోచదు. కఠోరతపస్సు చేయుచున్న పార్వతిని బ్రహ్మచారివేషమున వచ్చిన శివుడు పలుకరించి, అమ్మా, నీ శక్తికి తగినంతగానే తపస్సు చేయుచున్నావు కదా యని అడుగుచు ఆ మాట అనెను. అనగా అది కసరత్తునకు ప్రోత్సాహము కాదు, మితిమీరిన శ్రమను గూర్చిన హెచ్చరిక. శక్తియెంత, కాలమెంత యను లెక్క అందులోనే యున్నది. మేము చెప్పబోవు చరిత్ర యంతయు ఆ లెక్కను గూర్చినదే.

విద్యాస్థానమును క్రీడాస్థానమును వేఱువేఱు అను భావము మొదటినుండి లేదు. గ్రీకుల కాలమున ప్లేటో విద్యాపీఠము నెలకొల్పిన అకాడెమీ యువకులు కుస్తీలు పట్టు వ్యాయామస్థలము. అరిస్టాటిల్ బోధించిన లైసియమును అట్టిదే. అర్వాచీనకాలమున ఆంగ్లేయుల ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు 1829లో తమలో తాము పడవపందెము ప్రారంభించెను. 1864లో పరుగులు, దుముకుల పోటీలు మొదలయ్యెను. తమ విశ్వవిద్యాలయము పక్షమున ఎదిరి విశ్వవిద్యాలయముతో ఆడిన విద్యార్థికి ‘బ్లూ’ అను గౌరవమిచ్చుట అచ్చటి ఆచారము. ఆ గౌరవము పట్టమునకు తీసిపోనిదిగా ఎంచబడుచుండెడిది. ఆ కాలమున అచ్చటి విద్యార్థులలో పెక్కుమంది సంపన్నగృహముల వారు. వారికి చదువు జీవనోపాధి కాదు, ఆట యంతకన్న కాదు. కావున వారి యుదాహరణములు మన బిడ్డలకు అంతగా పనికిరావు. మనకు పనికివచ్చువారు, చదువు తప్పినచో ఇల్లు గడవనివారు, లేదా కన్నవారికి మాట యిచ్చి వచ్చినవారు. అట్టివారిలో ముగ్గురిని ఏరుకొంటిమి.

మొదటివాడు జయపాల్ సింగ్ ముండా. రాంచీ ప్రాంతమున ఖూంటీ సమీపమునందలి టక్రా గ్రామమున ముండా తెగవారి యింట 1903లో జన్మించెను. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుచుండగా అచ్చటి ప్రధానోపాధ్యాయుడైన పాదరి ఆతని తెలివిని గుర్తించి ఇంగ్లండునకు తోడ్కొనిపోయెను. అడవినడుమ నుండి వెడలిన బాలుడు ఆక్సుఫర్డులో సెయింట్ జాన్స్ కళాశాల విద్యార్థి యయ్యెను. హాకీ ఆటలో రక్షకస్థానమున నిలిచి ‘బ్లూ’ గౌరవము పొందెను. అటుపిమ్మట, ఆ దినములలో భారతీయ యువకునకు అంతకన్న గొప్పది లేదని యెంచబడిన ఐ.సి.ఎస్. పరీక్షయందు ఉత్తీర్ణుడై, ఆక్సుఫర్డులోనే ఉద్యోగశిక్షణ పొందుచుండెను.

అట్టి సమయమున, 1928లో, ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జరుగు ఒలింపిక్ క్రీడలకు పోవు భారత హాకీజట్టునకు నాయకుడుగా ఉండవలసినదని ఆతనికి పిలుపు వచ్చెను. భారతదేశము ఒలింపిక్ హాకీ ఆడుట అదే మొదటిమాఱు. ఆయన లండనులోని ఇండియా ఆఫీసువారిని సెలవు కోరెను. కోరినది యేండ్లు కాదు, కొన్ని వారములు. సెలవు ఇవ్వబడలేదు. జయపాల్ సింగ్ సెలవు లేకయే పోయెను.

ఆ పోటీలలో మన జట్టు ఆస్ట్రియాను 6-0, బెల్జియమును 9-0, డెన్మార్కును 5-0, స్విట్జర్లాండును 6-0, అంతిమముగా 26 మే 1928న హాలండును 3-0 గోలులతో ఓడించి భారతదేశమునకు మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణపతకము తెచ్చెను. మొత్తము 29 గోలులు కొట్టి, తనమీద ఒక్కటియు పడనీయలేదు. అందు 14 గోలులు ధ్యాన్‌చంద్ కొట్టినవి. అంతిమపోటీలో జయపాల్ సింగ్ ఆడలేదు. జట్టులోని కొన్ని భేదాభిప్రాయములు దానికి కారణములని చెప్పుదురు, అది ఇచ్చట అప్రస్తుతము. ఆయన ఆక్సుఫర్డునకు తిరిగిరాగా, సెలవులేక పోయినందున శిక్షణకాలమును మఱియొక సంవత్సరము చేయవలెనని చెప్పబడెను. ఆయన అందుకు ఒప్పుకొనక ఐ.సి.ఎస్. ఉద్యోగమునే విడిచెను.

ఈ కథను చెప్పువారు సాధారణముగా ఇచ్చట చప్పట్లు కొట్టుదురు. మేము కొట్టజాలము. తరువాత జయపాల్ సింగ్ ఆఫ్రికాఖండమున గోల్డుకోస్టులోని ఆచిమోటా కళాశాలలో బోధించెను, రాయపూరు రాజకుమార కళాశాలకు అధ్యక్షుడయ్యెను, 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించెను, రాజ్యాంగ నిర్మాణసభలో తన ప్రజల పక్షమున నిర్భయముగా మాటలాడెను, 1970లో దివంగతుడయ్యెను. ఆయన కోరిన ఝార్ఖండ రాష్ట్రము 2000 సంవత్సరమున ఏర్పడెను. ఇవన్నియు నిజమే. కాని ఐ.సి.ఎస్. కోల్పోయిన ప్రతివానికిని రాజ్యాంగసభలో ఆసనము దొరకదు. ఆయన నష్టము ఆయన అసాధారణ ప్రతిభచేత కప్పబడినది. అట్టి ప్రతిభ లేనివాడు, ఆటలో ఆయనతో సమానుడయ్యును, ఆ నిరాకరణముచేత కూలిపోయి యుండెడివాడు. ఆ కథ మనదాక వచ్చియుండెడిది కాదు. కొన్ని వారముల సెలవు ఇచ్చుటకు ఇండియా ఆఫీసువారికి ఏమి నష్టము కలిగెడిదో మాకు ఎంత ఆలోచించినను బోధపడలేదు.

రెండవవాడు తాలిమెరెన్ ఆవో. ఈయనను మన ప్రాంతపు వారిలో ఎఱిగినవారు తక్కువ, ఎఱుగవలసినవారు. నాగాకొండలలో చాంగ్కీ గ్రామమున 1918లో పుట్టెను. తండ్రి క్రైస్తవ ప్రబోధకుడు. 1935లో విషజ్వరముచే మరణించెను. కుమారుడు వైద్యుడై తన జనులకు సేవచేయవలెనని ఆయన కోరిక. మొదట గౌహతిలోని కాటన్ కళాశాలలో చదివి, 1942లో తాలిమెరెన్ ఆవో కలకత్తాలోని కార్మైకేల్ వైద్యకళాశాలలో చేరెను. ఇప్పుడు ఆర్.జి.కర్ వైద్యకళాశాల యనబడునది అదే. చేరిన మఱుసటి సంవత్సరమే మోహన్‌బాగాన్ సంఘమువారు ఆయనను తమ ఫుట్‌బాలు జట్టులోనికి తీసికొనిరి. కలకత్తాలో మోహన్‌బాగాన్ పక్షమున ఆడుట యనగా సాయంకాలము వేళ పదిమందితో బంతి తన్నుట కాదు. ఊరంతయు చూచు ఆట అది. ఓడినచో వీధిలో తలయెత్తి నడువ వీలుండదు.

ఆ సంవత్సరములు ఎట్టివో పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రపంచయుద్ధము తూర్పు సరిహద్దునకు వచ్చినది. ఆవోగారి స్వస్థలమైన నాగాకొండలలోనే కోహిమా యుద్ధము 1944లో జరిగెను. 1943లో వంగదేశమున మహాక్షామము. 1946లో కలకత్తా వీధులలో కలహములు. అట్టి నగరమున పగలు శవపరీక్షా మందిరమునందు, సాయంకాలము మైదానమునందు, రాత్రి దీపముముందర గడపెను. 1948లో లండను ఒలింపిక్ క్రీడలకు పోయిన స్వతంత్రభారత ఫుట్‌బాలు జట్టునకు నాయకుడయ్యెను. ప్రారంభోత్సవమున మన దేశపతాకమును మోసినవాడును ఆయనయే. 31 జూలై 1948న మన జట్టు ఫ్రాన్సుతో ఆడి 1-2 గోలులతో ఓడెను. మనవారిలో అధికసంఖ్యాకులు వట్టికాళ్లతోనే ఆడిరి. మనకు దొరకిన రెండు పెనాల్టీలు గోలులు కాకపోయెను. గెలువవలసిన ఆట ఓడినదని అప్పటినుండి ఇప్పటివఱకును అనుకొనుచునే యున్నారు.

మాకు ముఖ్యమైనది ఆ ఓటమి కాదు. లండనునుండి తిరిగివచ్చునప్పటికి ఆవో యింకను విద్యార్థియే. 1942లో చేరినవాడు 1950లో ఎం.బి.బి.ఎస్. పట్టము పొందెను. ఎనిమిది సంవత్సరములు! మన ఇండ్లలో నైనచో ఆరవయేటనే ‘ఇంకను ఎన్నాళ్లు చదువుదువు?’ అని మేనమామలు అడుగుట కారంభింతురు. ఏడవయేట పెండ్లిసంబంధములు వెనుకకు పోవును. ఆయన కళాశాలవారు ఆయనను త్రోసివేయలేదు, ఆయనయు తండ్రి కోరికను విడువలేదు. పట్టము పొందిన తరువాత ఆట మానుకొని, తన కొండలకు తిరిగిపోయి కోహిమాలో వైద్యుడయ్యెను. 1963లో నాగాలాండ్ రాష్ట్రమేర్పడినప్పుడు దాని ఆరోగ్యశాఖకు సంచాలకుడై, 1978లో పదవీవిరమణ చేసి, 1998లో కీర్తిశేషుడయ్యెను. ఎనిమిదేండ్ల చదువునకు ఫలముగా ఆ కొండజనులకు ఒక వైద్యుడు దొరకెను. రెండేండ్లు ఆలస్యమైనదని ఆ రోగులలో ఎవరును ఫిర్యాదు చేసియుండరు.

మూడవవాడు లోకమెఱిగినవాడు, రోజర్ బానిస్టర్. మైలుదూరమును నాలుగు నిమిషముల లోపల మొదట పరుగెత్తినవాడు. ఈయనను గూర్చి కొంత విస్తరించి వ్రాసెదము. ఏలనన ఆ నాలుగు నిమిషములను అందఱు చెప్పుదురు, వాని వెనుకనున్న దినచర్యను చెప్పువారు అరుదు.

1929లో హారో పట్టణమున సామాన్యగృహమున పుట్టెను. 1946లో, పదునేడవయేట, ఆక్సుఫర్డులో ఎక్సెటర్ కళాశాలలో వైద్యవిద్యకు చేరెను. అప్పటికి ఆతనికి ముండ్లజోళ్లు తొడుగుకొని పరుగెత్తిన అనుభవము లేదు. రెండేండ్లలోనే 1948 ఒలింపిక్ క్రీడలకు ఆతని పేరు తలంపునకు వచ్చెను. తాను ఇంకను పక్వమునకు రాలేదని తానే వలదనెను. ఇట్టి నిగ్రహము పందొమ్మిదేండ్ల వయస్సున ఎందఱి కుండును? 1951లో లండనులోని సెయింట్ మేరీస్ వైద్యశాలా కళాశాలకు మారెను. ఇక రోగులు, వార్డులు, పరీక్షలు. ఆతనికి దొరకు సమయము మధ్యాహ్న భోజనవిరామము మాత్రమే. ఆ విరామమున దగ్గఱలోని పాడింగ్టన్ ఉద్యానమునకు పోయి, సుమారు అరగంట పరుగెత్తి, ఏదో యింత తిని, మరల వార్డునకు వచ్చెడివాడు. 440 గజముల చుట్టును పదిమాఱులు వేగముగా పరుగెత్తుట, ఒక్కొక్క చుట్టునకు నడుమ కొంత విశ్రాంతి తీసికొనుట అను పద్ధతిని, ప్రతి మాసము ఆ చుట్టు కాలమును కొంచెము కొంచెముగా తగ్గించుచు సాధించెను. ఆక్సుఫర్డులో ఆయన చేసిన పరిశోధనము కూడ పరుగెత్తునప్పుడు శ్వాస యెట్లు ఉండునను విషయముమీదనే. తాను చదువుచున్న శాస్త్రమును తన కాళ్లమీదనే పరీక్షించుకొనెను. చదువును ఆటయు ఒకదానికొకటి శత్రువులనువారు ఈ సంగతి గమనింతురు గాక.

1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పందెమునకు ముందు అనుకొనని సెమీఫైనలు ఒకటి చేర్చబడెను. తక్కువ సాధనతో తక్కువ పందెములు పరుగెత్తుటకు సిద్ధపడిన బానిస్టరునకు ఆ యదనపు పరుగు బరువయ్యెను. అంతిమపందెమున నాలుగవవాడుగా వచ్చెను, పతకము లేదు. పత్రికలవారు నిందించిరి. గెలిచియుండినచో అప్పుడే ఆట విడిచి యుండెడివాడు. ఓడినందున ఇంకొక రెండేండ్లు కొనసాగింతునని నిశ్చయించుకొనెను. రెండేండ్లు మాత్రమే; ఏలనన వైద్యుడుగా నిలిచిన తరువాత సమయము ఉండదు. ఈ గడువు ఆతడు తానే పెట్టుకొనినది. మా యభిప్రాయమున ఆతని విజయమునకు మూలము అరగంట సాధనకన్న ఈ గడువే.

6 మే 1954, గురువారము. ఆ ఉదయము ఆయన వైద్యశాలకు పోయెను. ప్రయోగశాలలోని సానరాతిమీద తన జోళ్ల ముండ్లకు పదును పెట్టుకొని, పాడింగ్టన్ స్టేషనులో ఆక్సుఫర్డు రైలు ఎక్కెను. రైలులో శిక్షకుడు ఫ్రాంజ్ స్టాంఫ్ల్ తోడుండెను. గాలి బలముగా వీచుచుండుటచే పరుగెత్తుదునా, మానుదునా యని సాయంకాలము వఱకును తేలలేదు. సమీపమున చర్చి శిఖరముమీది జెండా వాలుట చూచి పరుగెత్తుటకే నిశ్చయించెను. ఇఫ్లీరోడ్డు మైదానమున సుమారు మూడువేలమంది ప్రేక్షకులు. ముందు క్రిస్ బ్రాషర్, తరువాత క్రిస్ చాటవే వేగము నిలిపి దారితీసిరి. మొదటి చుట్టు 57.5 సెకండ్లు, సగము దూరమునకు 1 నిమిషము 58.2 సెకండ్లు, మూడవ చుట్టు ముగియునప్పటికి 3 నిమిషముల 0.5 సెకండ్లు. కడపటి చుట్టున బానిస్టరు ముందునకు దూకి 3 నిమిషముల 59.4 సెకండ్లలో ముగించెను. అంతకుముందు 1945నుండి స్వీడను దేశపు గుండర్ హేగ్‌దైన 4 నిమిషముల 1.4 సెకండ్ల కాలమే చెక్కుచెదరక యుండెను. బానిస్టరు కాలము నలుబదియాఱు దినములు మాత్రమే నిలిచెను. ఆస్ట్రేలియా దేశీయుడైన జాన్ లాండీ దానిని దాటెను. ఆగస్టు నెలలో వాంకూవరున ఇరువురును ఎదురెదురుగా పరుగెత్తగా బానిస్టరే గెలిచెను.

ఆ సంవత్సరమే ఆయన వైద్యపట్టము పొంది, ఆ సంవత్సరాంతమున పందెములను విడిచెను. వయస్సు ఇరువదియైదు! తరువాత నాడీమండల వ్యాధుల నిపుణుడై, శరీరమున మన యిచ్ఛలేకయే పనిచేయు నాడులను గూర్చి ప్రామాణిక గ్రంథము నడపెను. 1975లో సర్ బిరుదము పొందెను, 1985నుండి 1993వఱకు ఆక్సుఫర్డులో పెంబ్రోక్ కళాశాలకు అధిపతిగా నుండెను, 2018లో మరణించెను. తన పరుగుకన్న తన వైద్యపరిశోధనమే తనకు ఎక్కువ గర్వకారణమని ఆయన చెప్పుచుండెడివాడు.

అయితే పాఠకులు మమ్ము ఒక ప్రశ్న అడుగవచ్చును. అరగంట సాధనతో ప్రపంచమున మొదటివాడగుట ఇప్పుడు సాధ్యమా? సాధ్యము కాదు. నేటి క్రీడాకారుడు ఉదయము, సాయంకాలము అభ్యసించుటయే గాక, ఆహారమునకు, నిద్రకు, ప్రయాణమునకు, గాయముల చికిత్సకు దినమంతయు ధారపోయవలెను. బానిస్టరు కథను చెప్పి ‘నీవును భోజనవిరామమున సాధించుము’ అని నేటి బిడ్డను మందలించుట అన్యాయము. నేడు కావలసినది అరగంట కాదు, ఆవోగారికి దొరకినట్టి అదనపు సంవత్సరములు.

అమెరికా దేశమున ఈ చిక్కును వేఱొక విధముగా తీర్పజూచిరి. అచ్చటి విశ్వవిద్యాలయములే గొప్ప జట్లను పోషించి, విద్యార్థులకు వేతనములిచ్చి తెచ్చుకొనును. 1929లోనే కార్నెగీ సంస్థవారు ఈ పద్ధతిలోని దోషములను పెద్ద నివేదికగా ప్రకటించిరి. 1991లో విద్యార్థి క్రీడాకారులకు వారమునకు 20 గంటలకు మించి నిర్బంధసాధన ఉండరాదని నియమము పెట్టిరి. ఆచరణలో ఆ గంటలు మీఱుచునే యున్నవి. ఇంతకన్న చెడ్డది మఱియొకటి జరిగెను. నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయమున 18 సంవత్సరములపాటు తరగతులు జరుగని తరగతులు, బోధకుడు లేని పాఠములు నడిచినవనియు, 3,100 మందికి పైగా విద్యార్థులు వానిలో మార్కులు పొందిరనియు, వారిలో సుమారు సగము క్రీడాకారులనియు 2014లో విచారణనివేదిక బయలుపెట్టెను. సెలవు ఇయ్యకపోవుట ఒక అన్యాయమైనచో, చదువు చెప్పకయే చెప్పితిమని కాగితము ఇచ్చుట అంతకన్న పెద్ద అన్యాయము. జయపాల్ సింగునకు తలుపు మూసిరి. వీరికి తలుపు తెఱచి, లోపల గది లేకుండ చేసిరి. మన సహాయనిధి వారు ఏ మార్పు తలపెట్టినను ఈ రెండవ గోతిని మఱవరాదు.

నిజముగా రెంటిని సాధించినవారు ఇటీవలను లేకపోలేదు. ఆస్ట్రియా దేశపు ఆనా కీసెన్‌హోఫర్ గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, స్విట్జర్లాండులోని లొసాన్ నగరమున పరిశోధన చేయుచు, వృత్తిజట్టు అండ లేకయే, తన సాధనప్రణాళికను తానే లెక్కకట్టుకొని, 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్త్రీల సైకిలు పందెము గెలిచెను. ఆమె ముందెప్పుడో సాగిపోయినదని తెలియక, రెండవదిగా వచ్చిన డచ్చి వనిత తానే గెలిచితినని చేతులెత్తెను.

మన తెలుగునాటికి వత్తము. వి.వి.యస్. లక్ష్మణ్ తల్లిదండ్రులిరువురును విజయవాడలో వైద్యులు. కుమారుడును వైద్యుడగుననియే అందఱును అనుకొనిరి. యుక్తవయస్సున కొంత గడువు పెట్టుకొని, ఆ లోపల క్రికెట్టున నిలువనిచో వైద్యమునకు మరలుదునని నిర్ణయించుకొని ఆట చేపట్టెను. 2001లో కలకత్తాలో ఆయన కొట్టిన 281 పరుగులను ఎఱుగనివారు లేరు. ఆయన రెంటిని మోయలేదు, ఒకటి యెన్నుకొనెను. కాని బానిస్టరు వలెనే గడువు పెట్టుకొని యెన్నుకొనెను. ఆ గడువునకు తల్లిదండ్రులు సమ్మతించిరి. పి.వి. సింధు హైదరాబాదులో సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో చదువుచునే దేశదేశములు తిరిగి ఆడెను. 2016లో రజతమును, 2021లో కాంస్యమును ఒలింపిక్ క్రీడలనుండి తెచ్చెను. ఆ కళాశాల ఆమెకు హాజరుపట్టీ చూపి బెదరించి యుండినచో ఏమగునో ఊహించుకొనుడు.

ఉపాధ్యాయులలో మేము గౌరవించువారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆడి, పట్టభద్రుడై, హైదరాబాదులో బడిపంతులు పని చేసిన ఆయనయే, 1951లోను 1962లోను భారత ఫుట్‌బాలు జట్టునకు ఆసియాక్రీడల స్వర్ణపతకములను, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును సంపాదించిపెట్టిన శిక్షకుడు. మావలెనే చాకుముక్క పట్టినవాడు. ఆయన చేసినదానిని తలచుకొన్నప్పుడు మేము చేసినది మాకు జ్ఞాపకము వచ్చును.

అది చెప్పక తప్పదు. మేము పనిచేసిన యొక పాఠశాలలో, ఇప్పటికి ముప్పదియేండ్ల క్రిందట, పొడుగుదుముకులో జిల్లాలోనే మొదటివాడైన బాలుడు ఒకడుండెను. రాష్ట్రపు పోటీలకు ఎన్నికయ్యెను. ఆ దినములలోనే అర్ధసంవత్సర పరీక్షలు. తరగతి ఉపాధ్యాయులము మేమే. సంస్కృతమున విభక్తులు తప్పులేక చెప్పుచుండెడివాడు. వానిని పాడుచేసికొనునేమో యని మాకు భయము. సెలవుకాగితము మీద సంతకము చేయలేదు. ‘చదువు ముందు, ఆట తరువాత’ అని హితవు చెప్పి పంపితిమి. ఆ బాలుడు ఎదురు చెప్పలేదు. పరీక్షలు వ్రాసెను, మంచి మార్కులే వచ్చినవి. మఱుసటి సంవత్సరము మైదానమునకు పోలేదు. ఆ మఱుసటి సంవత్సరము బడికిని రాలేదు. ఇప్పుడు మా యూరి సంతలో విత్తనముల దుకాణము నడుపుచున్నాడు. మేము కనబడినప్పుడు లేచి నిలిచి ‘నమస్కారమండీ, మాస్టారూ’ అనును, కుర్చీ వేయించును. ఆ సంగతి ఎన్నడును ఎత్తడు. ఎత్తినచో మాకు కొంత తేలికగా నుండెడిది. పరీక్ష పది దినముల తరువాత వేఱుగా పెట్టుటకు ఆనాడు మాకు అడ్డమేమియు లేదు. ప్రశ్నపత్రము వ్రాయువారము మేమే, దిద్దువారము మేమే.

ఇక దరఖాస్తు సంగతి. మన సంఘ సహాయనిధినుండి వేతనము పొందుచున్న యొక బాలిక, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. తండ్రి లేడు, తల్లి కుట్టుపని చేయును. ఆ బాలిక అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు ఎన్నికై, శిక్షణశిబిరమునకు, పోటీలకు పోయినందున హాజరు తగ్గినది. ఒక పేపరు మిగిలిపోయినది. మన నియమావళి ప్రకారము హాజరు తగ్గినను, పేపరు మిగిలినను వేతనము నిలుపబడవలెను. ఆ నియమమును ఏర్పఱచిన సంఘమున మేమును సభ్యులమే; సోమరులను దృష్టిలో నుంచుకొని వ్రాసినది అది. ఈమె సోమరి కాదు. మన దేశమున విశ్వవిద్యాలయముల క్రీడలకు ప్రభుత్వమువారు 1956-57లోనే మౌలానా ఆజాద్ పేర ట్రోఫీ నెలకొల్పిరి. 2020లో భువనేశ్వరమున ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ప్రారంభించిరి. విశ్వవిద్యాలయమే తన పక్షమున పంపి, విశ్వవిద్యాలయమే గైరుహాజరు వేయుటయు, దానినిబట్టి మనము వేతనము నిలుపుటయు ఏ న్యాయమో పెద్దలు ఆలోచింపవలెను.

ఉపసంఘమున ఇరువురు సభ్యులు నియమము నియమమే యనిరి. ఒకరు ఈమెకు మాత్రము మినహాయింపు ఇత్తమనిరి. మినహాయింపు మాకు సమ్మతము కాదు. మినహాయింపు దయ, దయ మఱుసటి సంవత్సరము ఉండునో ఉండదో. మేము ఫైలుమీద వ్రాసిన యభిప్రాయమిది. విశ్వవిద్యాలయము పక్షముననో, రాష్ట్రము పక్షముననో ఆడుటకు పోయిన దినములను హాజరుగా ఎంచవలెను. అట్టి విద్యార్థికి కోర్సు కాలమునకు పైన ఒక సంవత్సరము వేతనము పొడిగింపవలెను. మిగిలిన పేపరు మాత్రము వ్రాసి తీరవలెను. అందు ఏ సడలింపును వలదు. చదువు చదివినట్లే ఉండవలెను. ఆ యదనపు సంవత్సరమునకు ఒక్కొక్క విద్యార్థికి అగు వ్యయము, మనము ఈ మహాసభకు వేయించు పందిరి ఖర్చులో ఒక భాగమునకు మించదని కోశాధికారిగారితో కూర్చుండి లెక్కచూచితిమి.

రెండవనాటి ఉదయము సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు వచ్చును. ఆ బాలిక, ఆమె తల్లియు వెనుక వరుసలో కూర్చుండియుందురు. ఆమె మిగిలిన పేపరు వచ్చు నెలలో వ్రాయవలసియున్నది, చదువుచున్నది.